సద్దికి ఆగిన ఆట

నిన్న సూర్యాపేటలో ఫోన్లు బాగుచేసే కొట్లో ఓ పసుపు రంగు గేమ్ క్యాసెట్ కనిపించింది. చేతికి తీసుకోగానే, పాత అలవాటు కొద్దీ దాని అంచులో ఊదాను. కొట్టతను నవ్వాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న మిర్యాలగూడ నుంచి టీవీ గేమ్ తెచ్చాడు. త్రిపురారంలోని మా ఇంట్లో ఆ ఏడాదంతా గోడలు దూకాను, ట్యాంకులు పేల్చాను, బాతుల్ని కాల్చాను. అన్నం సంగతే మరిచిపోయేదాన్ని.

నానమ్మ పక్కన కూర్చుని, తెర మీద పరుగెత్తే మనిషిని చూసి జాలిపడేది.

"పొద్దుగాల సంది ఉరుకుతనే ఉన్నడు. సద్ది తిననీకి ఇడిసిపెట్టవా? నాటేసేటోళ్లను గూడ మనం గిట్ల సతాయించం గదనే!"

నాకు నవ్వొచ్చేది. పాపం, నిజం మనిషే అనుకుంటోందని ఆట ఆపేదాన్ని. అతను గాల్లో కాలెత్తి అలాగే నిలబడి ఉంటే, ఆమె నా నోట్లో పచ్చిపులుసన్నం ముద్దలు పెట్టేది. కార్ల ఆటైతే, "ఇంజను కాలింది, జర సల్లారనియ్" అనేది.

"తిన్నడా?" అని చివర్లో అడిగేది.

"తిన్నడు" అనేదాన్ని. ఆ తర్వాత అతను నిజంగానే బాగా దూకేవాడు.

నానమ్మకు ఆటలు అర్థం కావని చాలా ఏళ్లు నమ్మాను.

ఇప్పుడు నా ఫోన్‌లో అంతకంటే మంచి ఆటలున్నాయి. ఆఫీసులో మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆడుకుంటాను. వాటిలో పరుగెత్తేవాళ్లెవరికీ సద్ది వేళ లేదు. నా టిఫిన్ డబ్బా చాలా రోజులు మూత తీయకుండానే ఇంటికొస్తుంది.