ఆ స్పోర్ట్స్ కారు రెండో తాళం

2024 డిసెంబరు. టెక్కలి దాటి పలాస వైపు వెళ్లే హైవే పక్కన మా షెడ్డు. ర్యాక్ మీదున్న ఆయిల్ డబ్బా అందుకోబోతుంటే వెనకాల ఇంజన్ స్టార్టయింది. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. కారు తాళం అక్కడే ఉంది, నల్లపూసల గొలుసుకి పిన్నీసుతో గుచ్చి. తాళం నా దగ్గరుంది, బండి మోగుతోంది, బండి కింద నా భర్త పడుకుని ఉన్నాడు. ఏదో జరగబోతోందని నాకు తెలిసిన క్షణం అదే.

నేను మెకానికల్‌లో బీటెక్ చదివాను. నా భర్త ధర్మారావు మా మేనమామ కొడుకు, నాకు చిన్నప్పటి నుంచీ బావే. విశాఖపట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చాడు. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి ఈ షెడ్డు పెట్టాం. గ్యారేజీలో ఆడమనిషికి ఏం పని అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. స్కానర్ పెట్టి లోపం పట్టుకుంటాను, పార్టులు తెప్పిస్తాను, అవసరమైతే బండి కింద దూరి బోల్టులూ బిగిస్తాను. వీటన్నిటి కంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. తాళం మొయ్యడం.

నాది మొదటి నుంచీ పిరికి ప్రాణం. మా పాప హారిక పుట్టాక భయం ఇంకా ముదిరింది. అందుకని రెండు పద్ధతులు పెట్టాను. కింద మనిషి ఉన్నంతసేపూ ఆ బండి తాళం నా గొలుసుకే ఉండాలి. ఎత్తిన బండిని స్టాండ్ల మీద ఎంత గట్టిగా నిలబెట్టినా, పక్క నుంచి దాని కిందికి ఒక స్టెప్నీ చక్రం తోసి ఉంచాలి. బావ నవ్వేవాడు.

"మూడు ముళ్లు నాను ఏసినాను. ఈ నాలుగోది నువ్వేసుకున్నావేటి?"

ఆ కారు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న ఒక కుటుంబానిది. ఆ ఇంటి అబ్బాయి కిరణ్ దాన్ని ముచ్చటపడి సెకండ్ హ్యాండులో కొన్నాడు. రెండే తలుపులు, ఆటోమేటిక్ గేర్లు, మోడల్ ఎప్పటిదో పాతది. సోంపేట వైపు ఉద్దానం రోడ్డులో వెళ్తుంటే కింద ఏదో తగిలి గేర్‌బాక్స్ ఆయిల్ కారిపోయింది. ట్రాలీ మీద వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. అక్కడ కోతలప్పుడు ధాన్యం తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. బళ్లు దాని మీదికి ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. తగిలింది ఆ రాయే.

"రోడ్డు మీద ధాన్యం ఏంటి ధర్మా, నాన్సెన్స్. కేసు పెట్టాలి వాళ్ల మీద," అన్నాడు కిరణ్.

"ఆలకి కల్లాలు నేవు బాబూ, రోడ్డే కల్లం. లారీలెల్తన్నాయి, ఆటోలెల్తన్నాయి, ఎవుళికీ తగల్నేదు. మీ బండి పొట్టే నేల నాకుతంది."

కిరణ్ పగలబడి నవ్వాడు. అతను చెడ్డవాడని అప్పుడు అనుకోలేదు. వచ్చినప్పుడల్లా మా పిల్లలకి జీడిపప్పు పొట్లం తెచ్చేవాడు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అడుగున పళ్లెం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పాన్ అంటారు. గేర్లు మార్చే ఎర్రని పల్చటి నూనె అందులో నిలుస్తుంది. ఆ పాన్ చీలింది. దారిలో ఎవరో చీలిక మీద బట్టల సబ్బు రుద్దారు. పెట్రోలు ట్యాంకు కారితే పల్లెల్లో చేసే వైద్యం అది. వేడెక్కే గేర్‌బాక్స్‌కి పనికిరాదు. కొత్త పాన్ హైదరాబాదు నుంచి తెప్పించాం. మార్చడం పెద్ద విద్య కాదు గానీ ఓపిక కావాలి. పాన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గ్యాస్కెట్ అనే పల్చటి పట్టీ వస్తుంది. ఒక మూల బోల్టు కొంచెం బిగించి, దాని ఎదురు మూలది కొంచెం బిగించి, అలా అన్నిటినీ సమానంగా తేవాలి. బలం చూపిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. తర్వాత నూనె కొంత పోసి, ఇంజన్ నడిపి, బ్రేకు మీద కాలు తియ్యకుండా గేర్లన్నీ మారుస్తూ, మిగతాది నింపి లెవెల్ చూడాలి. ఆ సమయంలో సీట్లో కూర్చునేది నేనే. ఇంకెవరినీ కూర్చోనివ్వం.

ఆ రోజు శుక్రవారం. పాన్ బిగించడం అయిపోయింది, మొదటి విడత నూనె పోశాం. ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని బావ కింద పడుకుని గుడ్డతో తుడిచి చూస్తున్నాడు. కిరణ్ పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. అతని ఫోన్ స్పీకర్‌లో వాళ్ల అమ్మగారు.

"పదిన్నరకి రాహుకాలం వచ్చేత్తంది నాయినా. ఈలోగా సక్రం ఒక్క సుట్టైనా తిరగాల. సిద్ధాంతిగారు మరీ మరీ సెప్పినారు."

"బాబూ, నూనె సగమే పడింది. మధ్యాహ్నం దాటుద్ది," అన్నాను.

"మేడం, బండి ఎలాగూ గాల్లోనే ఉంది కదా. చక్రం ఒకసారి తిరిగితే ఎవరికి నష్టం? అమ్మ ఊరుకోదు."

"కింద మనిషుండగా తిప్పం."

"ఓకే, ఓకే. ఇంజినీరు గారు మీరు, మీ ఇష్టం," అని రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు.

నేను డబ్బా కోసం ర్యాక్ దగ్గరికి వెళ్లాను. అతని జేబులో రెండో తాళం ఉందని నాకు తెలియదు.

నేను తిరిగి చూసేసరికి కిరణ్ సీట్లో ఉన్నాడు. గేరు వేశాడు. నూనె చాలనప్పుడు ఆటోమేటిక్ గేరు వెంటనే పట్టదు. పట్టలేదని అతను యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ అరిచింది. ఆ అరుపు మధ్యలో గేరు ఒక్కసారిగా పట్టుకుంది. వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరిగి, బండి మొత్తం అదిరి, ఒక వైపు స్టాండు పక్కకి ఒరిగింది. నేను "బావా" అని అరిచానో, "ఆపు" అని అరిచానో నాకు గుర్తు లేదు.

కారు స్టెప్నీ మీద పడి ఆగింది. అందుకే బావ బతికాడు. కానీ బయటికి దొర్లడానికి చాచిన కుడి చెయ్యి ఆ చక్రానికీ కారు అంచుకీ మధ్య ఉండిపోయింది.

నేను జాకీ పెట్టి లేపాను. కిరణ్ దిగి వచ్చి బావని బయటికి లాగాడు. అది కూడా చెప్పాలి. సీట్లో పడిపోయిన ఫోన్‌లోంచి వాళ్ల అమ్మగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

"తిరిగిందేటి నాయినా? తిరిగిందా?"

టెక్కలిలో కట్టు కట్టి శ్రీకాకుళం పంపారు. రెండు వేళ్లు తీసేశారు. బొటనవేలు ఉంది గానీ పట్టు లేదు. స్పానర్ పట్టుకోగలరా అని అడిగితే డాక్టరు గారు నా ముఖంలోకి చూడలేదు. "ముందు అన్నం కలుపుకోనివ్వండమ్మా," అన్నారు.

బావ ఇంటికొచ్చిన కొన్నాళ్లకే కిరణ్ ఫోన్ చేశాడు. చెయ్యి ఎలా ఉందని అడిగాడు. తర్వాత కారు ఎప్పుడిస్తారని అడిగాడు. రెండో తాళం పంపితేనే ముట్టుకుంటానన్నాను. పంపాడు. రెండు తాళాలూ గొలుసుకి గుచ్చుకుని పని మొదలుపెట్టాను. బావ బిగించిన బోల్టులు ఒక్కొక్కటే చూశాను. ఏదీ వదులు కాలేదు. పాన్ చుట్టూ ఒక్క చుక్క చెమ్మ లేదు. ఆ చేతులు చేసిన ఆఖరి పూర్తి పని అది. లెవెల్ చూడాల్సి వచ్చినప్పుడు గొలుసు మీదున్న ఒక తాళం తీసి బావకిచ్చాను. కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని అతను సీట్లో, నేను కింద.

"బయ్యమేత్తందా?" అని పై నుంచి అడిగాడు.

"ఏత్తంది," అన్నాను.

కారు తీసుకెళ్లడానికి కిరణ్‌తో పాటు వాళ్ల అమ్మగారు కూడా వచ్చారు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారు. పిల్లలకి జీడిపప్పు పొట్లం ఇచ్చారు. బావ కట్టు వైపు చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"మావోడికి బండి గండముందని ముందే సెప్పినారమ్మా. మీ ఆయన సేతి మీదుగా పోయింది. ఇంతటితో సరి. దేవుడున్నాడు."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. నన్ను ఓదార్చాననే అనుకుంది.

షెడ్డులో అప్పటికి ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు. వాళ్లకి వినపడేలా కిరణ్ అన్నాడు, "స్టాండ్లు మార్చు ధర్మా. పాతబడ్డాయి."

బావ కింద చూస్తూ, "అవును బాబూ. నాదే తప్పు. సరిగ్గా పెట్నేదు," అన్నాడు.

మూల కుర్చీలో హారిక హోంవర్క్ రాసుకుంటోంది. తల ఎత్తి వాళ్ల నాన్నని చూసింది. నిమ్మకాయలు పచ్‌మని నలిగాయి. కారు హైవే ఎక్కింది. గేర్లు ఎంత మెత్తగా మారాయో నాకు ఆ చప్పుడులోనే తెలిసింది. నేను చీపురు తెచ్చి నిమ్మ తొక్కలు ఊడ్చాను.

"ఎందుకలా అన్నావు బావా?"

"ఇంకేటనమంటావు? ఆలతో తగువెట్టుకుంటే పలాస నుంచి ఇంకో బండొత్తాదా? సెయ్యెలాగూ పోయింది. షెడ్డు కూడా పోవాలేటి?"

నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, అతను చెప్పింది నిజం కావడం మీద. ఆ సాయంత్రం హారిక తమ్ముడికి చెబుతుంటే విన్నాను: "నాన్న స్టాండు సరిగ్గా పెట్టలేదంట. అందుకే పడిపోయింది." వాడు తల ఊపాడు. ఆసుపత్రిలో రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఇదంతా జరిగాక నా పద్ధతులు మారాయి. బండి రాగానే రెండో తాళం అడుగుతాను. ఇచ్చినా ఇవ్వకపోయినా, కింద మనిషి దూరేముందు బ్యాటరీ వైరు తీసి పక్కన పెడతాను. కస్టమర్ మంచివాడా కాదా అని ఆలోచించడం మానేశాను. పైన కూర్చున్న మనిషికి కింద మనిషి కనపడడు. చెప్పినా గుర్తుండదు. గుర్తున్నా, తనకి కావలసింది ముందు గుర్తొస్తుంది. చదువులో ఎవరూ నాకిది చెప్పలేదు.

కారు వెళ్లిన మర్నాడు పొద్దున్న పిల్లలకి టిఫిన్ పెడుతూ చెప్పాను, "స్టాండు దానంతటది జారలేదు. మీ నాన్న సరిగ్గానే పెట్టారు. పైన కూర్చున్నాయన మనం వద్దన్నా బండి తిప్పాడు."

"మరి నాన్న తన తప్పే అని ఎందుకు సెప్పేడు?" అంది హారిక.

పక్కన బావ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. చెంచా ఆగిపోయింది.

"మనకి బళ్లు రావాలని," అన్నాను. "మీరు మాత్రం అలా చెప్పకండి. బడిలో ఎవరైనా అడిగితే, మా నాన్న స్టాండు సరిగ్గా పెట్టాడనే చెప్పండి."