పెద్దమ్మ పేరున ఫోను

మా ఇంటికి ఫోను వచ్చింది నా గొప్ప వల్ల కాదు. మా పెద్దమ్మకు కళ్ళు లేకపోవడం వల్ల వచ్చింది. ఈ మాట ఇంత సూటిగా అనడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. అంతవరకూ ఎవరడిగినా "ఏదో, తెలిసినవాళ్ళుంటే వచ్చిందిలెండి" అని దాటేసేవాణ్ణి.

ఎనభైల చివర సంగతి ఇది. తెనాలిలో నిమ్మకాయల కమిషన్ వ్యాపారం మొదలుపెట్టి నిలదొక్కుకోవడానికి నానా తంటాలు పడుతున్నాను. ఇక్కడ లారీకెత్తిన కాయకు కలకత్తాలో ధర ఎలా ఉందో తెలియాలంటే ఫోను ఉండాలి. బుక్ చేసి ఏళ్ళు గడుస్తున్నా నా వంతు రాలేదు. పక్క కొట్టాయన ఫోను దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన కాదనేవాడు కాదు. కాకపోతే నేను మాట్లాడే ప్రతి ముక్కా విని, నేను గడప దాటేలోగా ఆ ధరకు తనే కాయ కొనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. పైకి మాత్రం నవ్వేవాణ్ణి, రేపు మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాలి కదా.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే ఒకాయన ఓసారి టీ తాగుతూ అన్నాడు. "మీ ఇంట్లో కళ్ళు లేని పెద్దావిడ ఉన్నారు కదండీ, ఆవిడ పేరున పెట్టకపోయారా? అలాంటివాళ్ళకు ముందు ఇస్తారండి. అద్దె కూడా సగమే. కాకపోతే అది ఇంట్లో, ఆవిడ వాడుకకే ఉండాలి. వ్యాపారానికి కుదరదండి." ముందు ఇస్తారన్నంతవరకే నా చెవికెక్కింది. మిగతాది వినపడనట్టు గ్లాసు కింద పెట్టి లేచాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. చిన్నప్పుడు మశూచి పోసి చూపు పోయింది. పెళ్ళి కాలేదు. నా ఎనిమిదో ఏట అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఏడో ఎక్కం తప్పితే మంచం మీద కూర్చునే చెయ్యి చాచి సరిగ్గా నా చెవే దొరకబుచ్చుకునేది. నేనెంత పక్కకు జరిగినా లాభం ఉండేది కాదు. మా వీధి వీధికంతా ఆవిడ పెద్దమ్మే. మా ఆవిడకు పెద్దత్తయ్య. అసలు పేరొకటి ఉందన్న సంగతి రేషను కార్డుకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ఫోను మాట చెప్పగానే ఆవిడ నవ్వింది. "నాకెందుకురా ఫోను? నాకెవరు చేస్తారు, నేనెవరికి చేస్తాను?"

"నీకే పెద్దమ్మా. నీ పేరునే వస్తుంది. ఎవరితో కావాలంటే వాళ్ళతో మాట్లాడుకో."

పచ్చి అబద్ధం. ఆవిడ మాత్రం నమ్మింది. "అయితే రేపల్లెలో అది ఉంది కదరా. దానితో మాట్లాడొచ్చంటావా?" అని అడిగింది.

'అది' అంటే ఆవిడ స్నేహితురాలు. చిన్నతనంలో ఇద్దరూ బాపట్లలో చూపులేని ఆడపిల్లల కోసం నడిపిన ఓ హాస్టల్లో ఉన్నారు. చుక్కల అక్షరాలు వేళ్ళతో చదవడం అక్కడే నేర్చుకున్నారు. ఆ తరవాత ఆ స్నేహితురాలు రేపల్లెలో పిల్లలకు సంగీతం చెబుతోందని ఎవరి ద్వారానో కబురు తెలిసింది. అంతే, ఇద్దరూ కలుసుకుని పాతికేళ్ళు దాటింది. "ఓ, ఎందుకు మాట్లాడకూడదు" అన్నాను.

కళ్ళు లేవని డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. ఆ నెల సర్టిఫికెట్లు ఇచ్చే శిబిరం బాపట్లలో పెట్టారు. పాసింజరు బండిలో తీసుకెళ్ళాను. అన్నేళ్ళ తరవాత బాపట్లలో దిగుతున్నానని పెద్దమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని, చేతిరుమాలు కూడా మడిచి పెట్టుకుంది. దారంతా హాస్టలు కబుర్లే. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళట, దుప్పటి కింద ఒకరి అరచేతిలో ఒకరు చుక్కలు గుచ్చుతూ మాట్లాడుకునేవాళ్ళట. డాక్టరు టార్చిలైటు వేసి చూస్తుంటే, "ఎంత వెతికినా లేవు బాబూ" అంది. ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఆ కాగితం మీద సంతకం పడుతుందా పడదా అన్నదే ధ్యాస.

దరఖాస్తు ఇచ్చే రోజు ఆవిడ "సంతకం పెడతానురా, హాస్టల్లో నేర్పారు" అంది. వెనక జనం ఉన్నారు, ఆలస్యమవుతుందని ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరా పూసి నేనే వేయించేశాను. ఇంటికొచ్చాక ఆ వేలు చాలాసేపు కడుక్కుంది.

నెలలు తిరక్కుండానే ఫోను వచ్చింది. లైన్‌మన్ దాన్ని పెద్దమ్మ మంచం పక్కన, స్టూలు మీద పెట్టి వెళ్ళాడు. ఆవిడ ఆ రోజంతా దాన్ని తడుముతూనే ఉంది. డయలు చిల్లులు లెక్కపెట్టుకుంది. రెండో వారంలో నేను గోడకు చిల్లు పొడిచి, వైరు లాగి, దాన్ని ముందుగదిలో నా బల్ల మీదకు చేర్చాను. పైగా డయలుకు చిన్న తాళం. "అక్కడైతే గంట మోగితే నీకు నిద్ర చెడుతుంది పెద్దమ్మా" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో చూడండి. ఆవిడ పగలు కునుకు తియ్యడం నేనెన్నడూ ఎరగను.

రేపల్లె మాట అడిగినప్పుడల్లా "ఆవిడ నంబరు తెలియాలి కదా" అనేవాణ్ణి. అసలు ఆవిడకు ఫోనుందో లేదో కనుక్కుందామని కూడా అనుకోలేదు. ఈ మధ్యలో రెండుసార్లు రేపల్లె వెళ్ళొచ్చాను. సంగీతం చెప్పే కళ్ళులేని ఆవిడ ఇల్లెక్కడని బజార్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. అడగలేదు. మరిచిపోయానని చెబితే బాగుంటుంది గాని, మరిచిపోలేదు. బద్ధకించాను.

కొత్త డైరెక్టరీ వచ్చినప్పుడు మాత్రం పెద్దమ్మ పట్టుబట్టి తన పేరున్న చోట వేలు పెట్టించుకుంది. అచ్చు అక్షరాలు, వేలికి తగలడానికేమీ లేదు. అయినా తీయలేదు. "జిల్లా అంతా ఇదే పుస్తకమా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే ఎవరో ఒకరు చూస్తారులే" అంది.

కొన్నాళ్ళకు ఫోన్ల ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వస్తున్నాడని కబురు అందింది. హడావిడిగా తాళం తీసి, ఫోను మళ్ళీ ఆవిడ మంచం పక్కన పెట్టాను. ఏం చెప్పాలో నేనింకా చెప్పకముందే ఆయన లోపలికి వచ్చేశాడు. "ఫోను ఎవరు వాడుకుంటున్నారమ్మా?" అని అడిగాడు.

"నేనేనండి."

"ముందుగదిలో వ్యాపారానికి వాడుతున్నారని ఎవరో అర్జీ పెట్టారు."

"గిట్టనివాళ్ళు పెడుతుంటారు బాబూ. మావాడి వ్యాపారం నిమ్మకాయల మార్కెట్ యార్డులో. నా స్నేహితురాలు రేపల్లెలో ఉందండి. రోజూ దానితో మాట్లాడకపోతే నాకు తోచదు" అంది పెద్దమ్మ, తడుముకోకుండా. స్నేహితురాలు నిన్న ఏం చెప్పిందో, పిల్లలు కీర్తన ఎలా తప్పుతున్నారో కూడా చెప్పింది. ఆయన కాఫీ తాగి, రాసుకుని వెళ్ళిపోయాడు. సిగ్గుపడాల్సింది పోయి, నేను "భలే చెప్పావు పెద్దమ్మా" అన్నాను. సాయంత్రానికి ఫోను మళ్ళీ ముందుగదికి వచ్చింది.

ఆ తరవాత ఒకరోజు నేను యార్డు నుంచి వచ్చేసరికి మా ఆవిడ చెప్పింది. "ఎవరికో ట్రంక్ కాల్ వచ్చిందండి. పి.పి. కాలట. ఆపరేటరు ఏదో పేరు చెప్పి ఆవిడ ఉన్నారా అంది. అలాంటివాళ్ళెవరూ లేరు, రాంగ్ నంబరు అని పెట్టేశాను." పి.పి. కాల్ అంటే, అడిగిన మనిషి దొరికితేనే ఆపరేటరు మాట్లాడనిస్తుంది. లేరంటే అక్కడితో సరి. ఏం పేరు చెప్పారని అడిగాను. మా ఆవిడ గుర్తుచేసుకుని చెప్పింది. అది పెద్దమ్మ పేరు. పెళ్ళై ఇంటికొచ్చి ఆరేళ్ళు, మా ఆవిడకు ఆ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు.

నాకు వెంటనే తట్టింది రేపల్లె కాదు, తనిఖీ. ఆఫీసువాళ్ళే ఇలా పరీక్షిస్తున్నారేమోనని రెండు రోజులు భయపడ్డాను. ఎవరూ రాలేదు. పెద్దమ్మకు సంగతి చెప్పలేదు.

వారం తరవాత మళ్ళీ మోగింది. ఈసారి నేనే ఎత్తాను. "రేపల్లె నుంచి పి.పి. కాల్ అండీ" అని ఆపరేటరు ఆ పేరు పూర్తిగా చెప్పింది.

ఇక నాకు అనుమానం ఏం మిగల్లేదు. రేపల్లె నుంచి ఆవిడను ఆ పేరుతో అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు? ఎదురుగా ఇద్దరు షావుకార్లు కూర్చుని ఉన్నారు. కలకత్తా నుంచి కాల్ రావాల్సిన వేళ. పెద్దమ్మను పిలిస్తే తడుముకుంటూ వీళ్ళ మధ్యకు రావాలి, పాతికేళ్ళ కబుర్లు ఎప్పటికి తెమలాలి, ఒకసారి మొదలైతే రోజూ ఇదే కదా. ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. తలుపుకు అవతల పెద్దమ్మ చేట ముందు పెట్టుకుని కందిపప్పు ఏరుతోంది. గింజలు చేటలో కదిలే చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

"ఊళ్ళో లేరండి" అన్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. "ఉన్నారండి, పిలుస్తాను" అని ఆ పేరును గౌరవంగా పలకాల్సిన రోజు పలకలేదు. ఇప్పుడు కాగితం మీద పెట్టి ముచ్చట పడడానికి నాకు మొహం చెల్లదు.

పది రోజులకు ఒక ఉత్తరం వచ్చింది. మందపాటి కవరు, స్టాంపు లేదు. "కళ్ళు లేనివాళ్ళ ఉత్తరాలకు స్టాంపు అక్కర్లేదండి" అని పోస్టుమాన్ దాన్ని సరాసరి పెద్దమ్మ చేతిలోనే పెట్టాడు. కాగితం తగలగానే ఆవిడ మొహం విచ్చుకుంది. ఒళ్ళో పరుచుకుని చదవడం మొదలుపెట్టింది. నాకు కనపడేది తెల్లకాగితం మీద బొడిపెలు. ఇంట్లో కళ్ళున్న ఒక్కరికీ అది చదవడం రాదు. నవ్వుతూ చదువుతున్న ఆవిడ వేలు సగం దాకా వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళింది. అదే వరస మళ్ళీ చదివింది.

"పక్కింటి టీచరమ్మ చేత డైరెక్టరీ చదివించుకుంటుంటే నా పేరు తగిలిందట" అంది పెద్దమ్మ. "ఉత్తరం కంటే ముందు నా గొంతు వినాలనుకుందట. రెండుసార్లు పోస్టాఫీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చుని కాల్ చేయించిందట. మొదటిసారి అలాంటి మనిషే లేదన్నారట."

"అది నేనే అన్నాను పెద్దత్తయ్యా. మీ పేరు నాకు తెలియదు" అని మా ఆవిడ ఏడ్చేసింది.

"నీదేం తప్పే. నీకెవరు చెప్పారని." తరవాత మొహం నా వైపు తిప్పింది. నేను గుమ్మం దగ్గర చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను, అయినా సరిగ్గా నా వైపే. "రెండోసారి ఎవరో మగమనిషి ఊళ్ళో లేరన్నాడట. ఆపరేటరు అడుగుతున్నంతసేపూ అది లైన్లోనే ఉండి వింటోందట. ఏ ఊరెళ్ళానని చెప్పావురా?"

కొట్టినా బాగుండేది. ఇన్నేళ్ళలో ఆవిడ ఊరు దాటి వెళ్ళింది ఒక్క బాపట్లకే, అదీ నా ఫోను కోసం. ఆవిడ ఉత్తరం మడిచి, "నన్ను రేపల్లె తీసుకెళ్ళు" అంది.

మర్నాడు పొద్దున బండికే వెళ్ళాం. ఈసారి దారిలో హాస్టలు కబుర్లు లేవు, నేనిచ్చిన అరటిపండు మాత్రం తీసుకుని తింది. రేపల్లెలో ఆ ఇల్లు మూడు నిమిషాల్లో దొరికింది. ఒక్కరినే అడిగాను. ఇద్దరు ముసలివాళ్ళూ గడపలోనే ఒకరి మొహం ఒకరు తడుముకున్నారు. ఒకరి అరచెయ్యి ఒకరు పట్టుకుని ఏవో గుచ్చుకున్నారు. నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. నేను సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

అంతలో పెద్దమ్మ "మావాడే, వీడే తీసుకొచ్చాడు" అంది. నేను నమస్కారమండి అన్నాను.

స్నేహితురాలి నవ్వు ఆగిపోయింది. తల కాస్త పక్కకు వంచి, "ఈ గొంతు నేను విన్నానే" అంది. "పోస్టాఫీసులో విన్నాను. ఈ అబ్బాయేనా ఆ రోజు..."

"వీడెందుకవుతాడే" అంది పెద్దమ్మ, మధ్యలోనే అందుకుని. "వీడు పొద్దున్నే యార్డుకు పోతాడు. ఫోనెత్తేది గుమాస్తా. కొత్తవాడు, వాడికి ఇంట్లో వాళ్ళ పేర్లు తెలియవు. తెలిస్తే వీడు నన్ను పిలవకుండా ఉంటాడా?"

మాకు గుమాస్తా లేడు. ఎప్పుడూ లేడు. కళ్ళు లేని ఇద్దరి మొహాలూ నా వైపు తిరిగి, నా జవాబు కోసం ఆగాయి.

"అవునండి" అన్నాను.