మావ గీసిన బొగ్గు గీత

ఒడ్డున వల ఆరేస్తుంటే మరదలు పరుగున వచ్చి, "నాన్న లేడు బావా" అంది. అలా తెలిసింది మా మావ పోయాడని. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కుడుతున్న తెరచాప సగంలో వదిలేసి పోయాడు.

మా తెప్పకు ఇంజను లేదు. తెరచాప కోసి కుట్టడం మా ఊళ్లో మావకే తెలుసు. చాప కట్టే కొయ్య వెదురుది, గాలి పడితే వంగుతుంది. అందుకని కొయ్యవైపు అంచును తిన్నగా కోయకూడదు. అంచు బయటికి వంపు తిరిగేలా కొంత పొంగు ఉంచి కోస్తే, కొయ్య వంగినప్పుడు ఆ పొంగును అది తీసుకుంటుంది, చాపకు గాలి పట్టడానికి కావలసినంత కడుపే మిగులుతుంది. పొంగు చాలకపోతే చాప ముడతలు పడి పలకలా బిగుస్తుంది. ఎక్కువైతే బస్తాలా ఉబ్బి తెప్పను పక్కకు ఈడుస్తుంది. ఇంతవరకు నాకూ తెలుసు. ఎంత ఉంచాలన్నదే తెలియదు.

"ఎన్ని వేళ్లు ఉంచాల మావా?" అంటే, "నన్నేటి అడుగుతావు? కొయ్యనడుగు" అనేవాడు.

ఒళ్లు మండి ఒకసారి ఆయన పాత చాపనే కొలిచి, అచ్చం అలాగే కోసి కొత్త వెదురుకు కట్టాను. రెండూళ్ల అవతల ఒడ్డుకు కొట్టుకుపోయి, తెడ్లేసుకుంటూ తిరిగొచ్చాను.

"సుట్టాలింటికెళ్లొచ్చాడర్రా అల్లుడు!" అని అందరికీ వినబడేలా అరిచాడు. తర్వాత నా పక్కన కూర్చుని, "పాత కొయ్య ఒంగుతాది. కొత్తది నీలాగే, ఒంగదు. దాని సొక్కా దీనికి తొడిగితే అవుద్దేటిరా?" అన్నాడు.

ఆయన పద్ధతి ఒకటే. వెదురు మొదలు గుంజకు కట్టి, కొనకు తాడేసి నాకిచ్చేవాడు. తాడు భుజాన వేసుకుని, వెదురుకు వీపు పెట్టి నేను లాగాలి. ఆయన దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, "ఇంకా... ఇంకా... సాలు" అనేవాడు. తర్వాత గుడ్డ మీద బొగ్గుతో గీసేవాడు. పన్నెండేళ్లు లాగాను. వంపు ఒక్కసారీ చూడలేదు.

"నువ్వు లాగు, నేను సూస్తాను" అని అడక్కపోలేదు. "ఎండిపోయినోణ్ణిరా, నాకది ఒంగదు" అన్నాడు. ఆ పన్నెండేళ్లూ ఆయన కుట్టిన చాపల మీదే మా ఇంట్లో అన్నం ఉడికింది. అయినా ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

పోయే ముందు రోజు మూడు వెదుళ్లు లాగించాడు. సాయంత్రం గుడ్డ మీద గీత గీశాడు. ఏ వెదురుకో చెప్పలేదు.

దినం అయ్యాక గుడ్డ తీసుకెళ్లి గుంజ పక్కన ఇసుకలో పరిచి, దాని మీదుగా వెదురు కట్టాను. నా భార్య, ఆయన పెద్దకూతురు, తాడు అందుకుంది.

"నువ్వెందుకే?"

"నువ్వు లాగితే సూసేదెవలు బావా?" అని వీపు తిప్పింది.

మావ నిలబడే చోట నిలబడి కన్ను మూశాను. మొదటి వెదురు గీతకు కలవలేదు. రెండోదీ కలవలేదు. మూడోది మెల్లగా వంగుతూ గీత దగ్గరికి వచ్చింది.

"సాలా? బుజం కోసుకుపోతంది, సెప్పు!" అని అరిచింది, వెనక్కి తిరగకుండానే.

వెదురుకూ గీతకూ మధ్య ఇంకా రెండు వేళ్ల గుడ్డ కనబడుతోంది.

"ఇంకా..." అన్నాను.