పోయిండు అన్న మాట

ఏళ్లుగా నేనొక జోకు చెబుతున్నాను. నవ్వించే జోకే. చెప్పిన ప్రతిసారీ నా మీద మాత్రం ఇంకాస్త బరువు పెరిగింది. అందులో ఒక వాక్యం ఎప్పుడూ మింగేస్తూ వచ్చాను. ఇవాళ ఆ వాక్యం మీకు చెబుతాను.

ముందు జోకు వినండి. నేను కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదుకు కొత్తగా వచ్చాను. మా కంపెనీ పనికి పాతబస్తీలో యాదగిరి అనే మనిషిని పెట్టుకున్నాను. ఒకరోజు అతను వచ్చి, "సేఠు పోయిండు సార్" అన్నాడు. మా వైపు పోయాడంటే చనిపోయాడని. అయ్యో అనుకున్నాను. సేఠుకు రావలసిన ఏజెన్సీ ఇంకొకరికి ఇచ్చేశాం. ఆ తర్వాత చనిపోయిన సేఠు సంచీ పట్టుకుని బస్సు దిగాడు. ఇక్కడ పోయిండంటే వెళ్లాడని. అంతే జోకు. ఆఫీసుల్లో, రైళ్లలో, పెళ్లి పంక్తుల్లో చెప్పాను. విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు పొలమారేలా నవ్వించాను.

మింగేసిన వాక్యం ఇది. ఏజెన్సీ చేయి మారేటప్పటికి, పోయిండు అంటే ఏమిటో నాకు తెలుసు.

ఇంత చిన్న సంగతికా అంటారేమో. అనొద్దు. యాసల తేడా, నీ తప్పేముంది అని కూడా అనొద్దు. కుర్రతనం అందామంటే అప్పటికే ముప్పై దాటాను. లంచం తిన్నావా అని అడిగితే మాత్రం తలెత్తే చెబుతాను, తినలేదు. చేయనిది నా నెత్తిన పెట్టుకోను. చేసినదాన్ని ఇంకొకడి నెత్తిన ఇక ఉంచను.

అవి డెబ్బైల మొదటి రోజులు, ఇప్పటికి ఇరవయ్యేళ్లు కావస్తోంది. మద్రాసులోని ఒక డ్రైక్లీనింగ్ కంపెనీ నన్ను ఇక్కడికి పంపింది. ఊరూరా తమ పేరుతో దుకాణాలు తెరిపించాలని వాళ్ల ఆలోచన. దుకాణం స్థానికుడిది, బోర్డూ పద్ధతీ మావి. దాన్ని ఫ్రాంచైజీ అనేవారు మా మేనేజరుగారు. పాతబస్తీలో పట్టుచీరలకూ షేర్వాణీలకూ కొదవ లేదు. కానీ ఏ గల్లీ ఎటు తేలుతుందో కూడా తెలియని నేను ఎవరిని నమ్మాలి? ఒంటిపూట పనికి ఒక స్థానికుణ్ణి పెట్టుకోమన్నారు. ఏ బజారులో ఏ వ్యాపారం నడుస్తోందో, ఎవరికి మా బోర్డు మోసే ఓపిక ఉందో అతను వాకబు చేసి చెప్పాలి.

అలా దొరికాడు యాదగిరి. ఉప్పుగూడ మనిషి. అసలు పని పెళ్లి సంబంధాలు కుదర్చడం. పొద్దున పెళ్లిళ్లు, మధ్యాహ్నం మా వ్యాపారం. నలభై దాటినవాడు, జేబులో ఎప్పుడూ జామకాయలు, నోటికి విశ్రాంతి లేదు. తను అడుగుపెట్టని ఇల్లు పాతబస్తీలో లేదనేవాడు. అందులో సగం కోతలు. ఫ్రాంచైజీ అంటే ఏమిటో నేను చెమటలు పట్టేలా వివరిస్తే అంతా విని, "అంటే దత్తత" అన్నాడు. "పిల్లగాడు ఆళ్లోడే, ఇంటిపేరు మనది. గింత దానికి ఇంగ్లీషెందుకు సార్?"

దుకాణాలను కూడా పెళ్లికూతుళ్లను చూసినట్టే చూసి వచ్చేవాడు. "పిల్ల మంచిదే గని అత్త గయ్యాళి" అంటే, దుకాణం బాగుంది, పక్క దుకాణంవాడితో లొల్లి ఉందని. నాకు అతనంటే ఇష్టమే. ఈ మాట రాయకపోతే నా తప్పు తగ్గేది. అందుకే రాస్తున్నాను.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. యాదగిరి తెచ్చినది విశ్వనాథం సేఠు పేరు. శాలిబండలో తాతల నాటి బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. రెండో పేరు మలక్‌పేటలో ఉండే మా జిల్లా ఆయనది. సేఠే తగినవాడు. మేనేజరుగారూ ఆయన వైపే మొగ్గారు. సంబంధం కుదిరినట్టేనని యాదగిరి బజారంతా చాటాడు.

మరి నాకేమిటి నొప్పి? సేఠు నన్ను ఆటపట్టించేవాడు. "ఏం సారూ, మాటకోసారి అండి అండి అంటవు. గిన్ని అండలు అమ్ముకున్నా బతుకుతవు గద" అనేవాడు. దుకాణమంతా నవ్వేది. అండా అంటే గుడ్డని ఎవరో చెప్పాక గాని నాకు అర్థం కాలేదు. మలక్‌పేట ఆయన ఇంట్లో ఆదివారాలు భోంచేసేవాణ్ణి. అక్కడ నా మాటకు ఎవరూ నవ్వేవారు కాదు. ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని చాలా ఏళ్లు నాలో నేను వెతుక్కున్నాను, ఉంటే కనీసం నేను కాస్త పెద్ద మనిషిననిపించుకునేవాణ్ణి. దొరకలేదు. ఇంత చిన్నదానికా? అవును. ఇంత చిన్నదానికే.

ఆ మధ్యాహ్నం మద్రాసుకు ట్రంకాల్ చేసి ఆఖరి పేరు చెప్పాలి. అంతకు ముందు సేఠును ఒకసారి ఆఫీసుకు పిలుచుకు రమ్మని యాదగిరిని పంపాను. అతను జామకాయ కొరుకుతూ తిరిగొచ్చి మెట్ల దగ్గరే నిలబడ్డాడు. "సేఠు పోయిండు సార్, పొద్దుగాలనే." అంతే చెప్పి, పెళ్లిచూపులకు వేళవుతోందని పరుగుతీశాడు. నేను నిజంగానే అయ్యో అనుకున్నాను. ఇక్కడిదాకా జోకులో అబద్ధం లేదు.

టెలిఫోను ఆఫీసులో కాల్ బుక్ చేసి బల్ల మీద కూర్చున్నాను. తన కాల్ కోసం పక్కనే కూర్చున్న ఒక షేర్వాణీ పెద్దాయన, ఎందుకట్లున్నవు అని అడిగాడు. చెప్పాను.

"చెప్పినాయన ఏడ్చిండా?" అన్నాడు.

లేదు, జామకాయ తింటున్నాడన్నాను.

పెద్దాయన నవ్వి నా భుజం తట్టాడు. "కొత్తగ వచ్చినవా బేటా? పోయిండంటె గయా. మర్ గయా కాదు. ఏ ఊరికో పోయుంటడు, ఫికర్ చెయ్యకు."

ఎంత తేలికపడ్డానో. అదీ నిజమే. మనిషి బతికే ఉన్నాడన్న సంతోషం ఇంకా ఒంట్లో ఉండగానే నా కాల్ వచ్చిందని పిలిచారు. మేనేజరుగారిది నెల్లూరు. సేఠు సంగతి ఏమైందని అడిగారు.

"ఆయన పోయారండి" అన్నాను.

బూత్ తలుపు తెరిచే ఉంది. బల్ల మీద పెద్దాయన తలూపాడు. తను నేర్పిన మాట నేను సరిగ్గా చెప్పాననుకున్నాడు. అటు మద్రాసులో మేనేజరుగారు అయ్యో పాపం అన్నారు. ఒకటే మాట. ఇద్దరికీ రెండు అర్థాలు. ఆ రెండింటి నడుమ సందులో నేను దాక్కున్నాను. అయితే మలక్‌పేట ఆయనకే ఇచ్చేద్దామన్నారు. సరేనండి అన్నాను. అబద్ధమాడలేదు కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సేఠు పోయాడు కదా, బీదరుకు. చూశారా, ఎంత తెలివో.

నేను ఆంధ్రవాణ్ణి, యాదగిరి తెలంగాణ మనిషి, అందుకే ఇలా జరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆ తేడాను బల్ల మీద పెద్దాయన రెండు మాటల్లో తీర్చేశాడు. ఆ తర్వాత మిగిలింది నేనొక్కణ్ణే.

సేఠు బీదరులో ఒంట్లో బాగాలేని చెల్లెల్ని చూసుకుని తిరిగొచ్చేసరికి మలక్‌పేటలో మా బోర్డు రాయిస్తున్నారు. ఏజెన్సీ ఎందుకు చేయి మారిందో అడగడానికి నన్నూ యాదగిరినీ దుకాణానికి పిలిపించాడు. ఎదురుగా గిరాకీలున్నారు. పరదా వెనక ఆడవాళ్లున్నారు. జోకు చెప్పవలసింది అప్పుడు. కొత్తవాణ్ణి, పొరపాటున అలా అనుకున్నానంటే సేఠు ఇంకో గుడ్డు హాస్యం ఆడి వదిలేసేవాడు. కానీ పొరపాటంటే మద్రాసుకు మళ్లీ చెప్పాలి, ఏజెన్సీ వెనక్కి రావాలి. ఆ దుకాణం నన్ను చూసి మళ్లీ నవ్వాలి.

"యాదగిరి నీకేం చెప్పిండు? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు సేఠు.

"మీరు చనిపోయారన్నాడండి."

"సార్" అన్నాడు యాదగిరి. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "పోయిండన్న సార్. ఊరికి పోయిండన్న."

"కాదు. చచ్చిపోయిండనే అన్నావు. మీ మాట నాకు ఆపాటి తెలుసు."

ఆ ఆఖరి ముక్క నిజం. అబద్ధానికి దాన్నే సాక్ష్యం నిలబెట్టాను.

పరదా కదిలింది. సేఠు భార్య బయటికి వచ్చింది. అరవలేదు. "నా పుస్తె మీద మాటన్నవా యాదగిరీ? మా బిడ్డ పెండ్లి నీ చేతుల మీదనే జరిగె గద. గడప దిగు."

యాదగిరి నా వంక చూశాడు. నేను గోడ మీది గడియారం వంక చూశాను. అతను గడప దిగాడు.

బతికున్నవాణ్ణి చనిపోయాడన్న నోటితో ఎవరు పెళ్లిమాట ఎత్తించుకుంటారు? పక్కన జహనుమా బస్తీలో కుదరబోతున్న సంబంధం ఆగిపోయింది. తర్వాత సొంత గల్లీలోనే, అతను ఎదురొస్తే జనం వెనక్కి తిరిగి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే దాకా వచ్చింది. కంపెనీ పనికి నేనే వద్దన్నాను. అతని మొహం నా ఎదురుగా ఉండకూడదు కదా. మరుసటి ఏడు నాకు మద్రాసు బదిలీ అయింది. జోకు అక్కడ మొదలైంది. గమనించారా? యాదగిరి పోయిండనే అన్నాడని జోకులో నేనే ఒప్పుకుంటున్నాను. శాలిబండలో ఏ మాట అతన్ని కాపాడేదో, ఆ మాటను అతనికి పనికిరాని ఊళ్లలో చెప్పుకుంటూ తిరిగాను.

ఈ మధ్య మళ్లీ హైదరాబాదు చేరాక, ఒక పెళ్లి విందులో జోకు చెప్పాను. పంక్తంతా నవ్వింది. పప్పు వడ్డిస్తున్న పెళ్లివారి పెద్దమనిషి ఒక్కడే నవ్వలేదు. గరిటె పట్టుకుని నిలబడి, "మరి గా చెప్పినాయన ఏమైండు?" అన్నాడు. జోకులో అతను ఏమీ కాడు. ఇంతమందిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ అన్నం కలపలేకపోయాను.

యాదగిరిని వెతకడం కష్టం కాలేదు. ఉప్పుగూడ స్టేషను పక్కన పెళ్లిళ్లకు గిన్నెలు, గంగాళాలు కిరాయికి ఇస్తున్నాడు. గిన్నెలు పెళ్లింట్లోకి వెళ్తాయి, అతను వీధిలో ఆగుతాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నేను తెలిసే అబద్ధమాడానని చెప్పాను. గంగాళం తోముతూ విన్నాడు.

"నాకెందుకు చెప్తున్నవు సార్? నేనేమన్ననో నాకెర్క లేదా? ఎవల ముంగట అన్నవో ఆళ్ల ముంగట చెప్పు."

"సేఠుగారు ఉన్నారా?"

"సచ్చిపోయిండు" అన్నాడు, ఒక్కొక్క అక్షరం విడదీసి. "ఈసారి మంచిగ విన్నవా?"

ఇద్దరం శాలిబండ వెళ్లాం. దుకాణంలో సేఠు కొడుకు కూర్చున్నాడు. ఆ పరదా ఉన్నచోటే ఉంది, గుడ్డ మారింది. యాదగిరి గడప కిందే ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్లి గిరాకీల ముందు జరిగింది చెప్పాను. సేఠు కొడుకు గుడ్డ కొలవడం ఆపలేదు. "గయన్నీ ఇప్పుడెందుకు సారూ" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. మంచివాణ్ణనిపించుకోవడానికి వెళ్లలేదు. మన్నిస్తే పుచ్చుకోవడానికీ వెళ్లలేదు. మాటను ఎక్కడ మార్చానో అక్కడ సరిచేయడానికి వెళ్లాను. చెప్పాక తేలికపడ్డావా అంటే, పడ్డాను. దాన్నీ దాచను. ఆ తేలికతోనే బయటికి వచ్చేద్దామనుకున్నాను. వెనక గడప కింద నుంచి యాదగిరి గొంతు వినిపించింది.

"గట్టిగ చెప్పు సార్. లోపల పెద్దమ్మకు ఇనబడ్తలేదు."

సేఠు భార్య ఉన్న పరదా వైపు తిరిగాను. ఆ దుకాణంలో నేనెప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"అమ్మా, యాదగిరి పోయిండనే అన్నాడు. చనిపోయారన్నది నేను. తెలిసే అన్నాను. మీకూ అతనికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను. నన్ను మన్నించకపోయినా సరే. అతన్ని గడప ఎక్కమనండి."