చావింటి గడపలో "మళ్లా వస్తా" అన్న మనిషి

మొన్న మా వీధిలో ఒకాయన రక్త క్యాన్సర్‌తో పోతే పలకరించడానికి వెళ్లాను. సాంబ్రాణి పొగ, కడిగిన బండల తడి, గోడవార కూర్చున్న చిన్నవయసు భార్య. కాసేపటికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. చావింట్లో "పోయొస్తాం" అనకూడదు కదా! అంటే ఇంకో చావుకు వస్తామన్నట్టని మనవాళ్ల భయం. అందుకే ఎవరూ నోరు విప్పలేదు. గడప బయట చెప్పులు వెతుక్కునే చప్పుడు మాత్రం వినిపించింది. మా నాయన పోయినప్పుడూ అదే విన్నాను. ఆనాడు ఆ చప్పుడు మధ్య నోరు తెరిచిన ఒకే ఒక్క మనిషి ఓబులమ్మత్త.

మాది ఎర్రగుంట్ల. స్టేషన్ దగ్గర నాయనకు బట్టల అంగడి ఉండేది. నేను ఒక్కతే బిడ్డను. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఆయనకు చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది. ఒంట్లో వేడి అన్నారు ఊళ్లో. మజ్జిగ తాగించాం, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం. తొడల మీద కమిలిన మచ్చలు తేలాక రైలెక్కించి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరినిండా సర్కారు డేరాలు, డేరాల నిండా గుమాస్తాలు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది నెత్తుటికి వచ్చే క్యాన్సర్ అనీ, నయం చేసే మందు లేదనీ మెల్లగానే చెప్పాడు. మెల్లగా చెబితే మాత్రం? పిడుగు పిడుగే.

ఆ జబ్బు అంటుకుంటుందని మా మేనత్త అమ్మకు నూరిపోసింది. అమ్మ పిచ్చిది, నమ్మింది. నాయన గ్లాసు, పళ్లెం వేరుగా కిటికీలో పెట్టేది. ఆయన చూసీ చూడనట్టు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వార్డుకు రోజూ ఒక రైతుల ఇంటి ఆవిడ వచ్చి రోగుల దగ్గర కూర్చునేది. కోసిగి దిక్కు మనిషి, కర్నూలులో కొడుకు దగ్గర ఉండేది. ముందటేడు ఆమె భర్త అదే వార్డులో అదే జబ్బుతో పోయాడు. ఆమే ఓబులమ్మత్త. ఒకరోజు ఆమె కిటికీలోని గ్లాసు వైపు చూసింది. నాయన సగం తాగి వదిలేసిన మజ్జిగ ఉంది అందులో. లేచి వెళ్లి, ఎత్తిపోసుకోకుండా, అంచుకు మూతి పెట్టి గటగటా తాగేసింది. మేము కోమట్లం, ఎంగిలి పట్టింపు ఎక్కువ, అమ్మ కొయ్యబారిపోయింది.

"లక్ష్మమ్మా, నా మొగుడు తిన్న పళ్లెంలోనే తింటి నేను. ఏమైంది నాకు? గుండ్రాయి మాదిరి ఉండా. ఇది అంటేది కాదు. మనిషిని బతికుండగానే దూరం పెట్టుకోవద్దు" అంది.

నాయన ఇటు తిరిగాడు. "ఇంకొంచెం ఉప్పు పడాల్సింది గదక్కా" అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన నవ్వడం చూశాను. ఆ పూట నుంచి అమ్మ, నాయన ఒకే పళ్లెంలో తిన్నారు. ఆ మిగిలిన కాస్త కాలం వాళ్లకు దక్కింది ఓబులమ్మత్త వల్లే.

చలి మొదట్లో, బుడ్డశనగ విత్తే కాలంలో నాయన పోయాడు. ఎర్రగుంట్లలోనే కర్మ అయిపోయింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టినా మింగేది కాదు. నాయన పోయాడు, ఇక అమ్మ కూడా పోతుందని నాకు ఒకటే దిగులు. చుట్టాలు వచ్చారు, కూర్చున్నారు, చడీచప్పుడు లేకుండా లేచిపోయారు. ఓబులమ్మత్త రైల్లో వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. మధ్యాహ్నమంతా అమ్మ పక్కన కూర్చుని, పొద్దు వాలుతుండగా లేచి, గడపలో నిలబడి అందరికీ వినపడేట్టు అంది: "లక్ష్మమ్మా, మళ్లా వస్తా."

మేనత్త భగ్గుమంది. "చావింట్లో అనేమాటేనా అది? ఇంకెవుర్ని సాగనంపనీకి వస్తావు?"

"నేను రమ్మంటే వస్తాదా, వద్దంటే పోతాదా సావు?" అంది ఓబులమ్మత్త. "నా మొగుడు పోయినప్పుడు ఎవురూ మళ్లా వస్తామన్లేదు. ఎవురూ రాలేదు గూడా."

ఆమె పోగానే మేనత్త గడప కడిగించింది, నిమ్మకాయ కోసింది. ఆ సందట్లో అమ్మ గోడవైపు నుంచి తిరిగింది.

"ఆయమ్మ ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది నన్ను.

అది, నాయన పోయాక అమ్మ మాట్లాడిన మొదటి మాట. నాకు తెలియదు. తెలియకపోయినా "అమావాస్య పోయినంక వస్తాదంట, నువ్వు తింటివా అని అడుగుతాది" అన్నాను. అమ్మ రెండు ముద్దలు తినింది. నేను వంటింట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఓబులమ్మత్త నిజంగానే వచ్చింది, కొర్రబియ్యం మూట నెత్తిన పెట్టుకుని. తర్వాతా వచ్చింది. ఏడాది దాటందే గడప దాటకూడని అమ్మను "ఈడ కూచోని గోడను చూస్తే ఏమొస్తాది, పా" అంటూ కర్నూలుకు లాక్కుపోయింది. అక్కడ అదే వార్డులో నంద్యాల నుంచి వచ్చిన ఒక ముసలాయన గ్లాసు కిటికీలో వేరుగా ఉంది. అమ్మ దాని దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత తీసి, అంచుకు మూతి పెట్టి తాగింది. ఆ ముసలాయన కూడా బతకలేదు. ఆ వార్డులో ఆ జబ్బుతో చేరిన వాళ్లెవరూ బతకలేదు. ఆ ఇళ్లన్నింటికీ వాళ్లిద్దరూ మళ్లీ మళ్లీ పోతూనే ఉన్నారు.

కొన్నేళ్లకు ఓబులమ్మత్త జ్వరంతో పోయింది. పలకరించి లేచి వచ్చేటప్పుడు అమ్మ గడపలో నిలబడి ఆమె కోడలితో "మళ్లా వస్తానమ్మీ" అంది. అంతా గుడ్లురిమారు. అమ్మ మాత్రం ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి పోయింది.

మొన్న మా వీధి ఇంట్లో అందరి చెప్పుల చప్పుడూ అణగేదాకా ఆగాను. ఓదార్చడం నాకూ చేతకాదు. గడప దగ్గర తిరిగి "మళ్లా వస్తానమ్మా" అన్నాను. ఎవరో వెనక నుంచి నా కొంగు లాగారు.

గోడవార కూర్చున్న ఆ పిల్ల తలెత్తి చూసింది.

"ఎప్పుడు?" అంది.