క్రేను వదిన

రేవులో ఆమెను అందరూ క్రేను వదిన అంటారు. మొదట అలా పిలిచింది సొంత మరిదే. అతను కింద నిలబడి చేయెత్తితేనే ఆమె పైన క్యాబిన్‌లో మీట కదుపుతుంది. సరుకు పెట్టె చాటున మనిషున్నా పైన కూర్చున్నవాళ్లకు కనిపించడు గనక, ఎవరెంత అరిచి గీపెట్టినా సరే, తమ మనిషి చేయి లేవందే మీట ముట్టకూడదు, లేచాక ఆగకూడదు. క్రేను నడిపేవాళ్లకు అది ప్రాణంతో సమానం.

ఈ రేవు కట్టింది సముద్రం అవతలి పెద్ద దేశం. అప్పిచ్చిందీ వాళ్లే, క్రేన్లు పెట్టిందీ వాళ్లే. అంతా వ్యాపారం కోసమేనంటే ఊరు నమ్మింది, వదినా నమ్మింది. నమ్మక చస్తుందా, నెలనెలా జీతం వస్తుంటే! ఆ ఉదయం బూడిదరంగు ఓడొకటి వచ్చి ఆగింది. తుపాకులతో దిగిన సైనికులు మరిదిని గేటు బయటికి నెట్టేశారు. వాళ్ల అధికారి కింద నిలబడి తానే చేయెత్తాడు.

వదిన చేతులు కట్టుకుని కూర్చుంది.

వాకీటాకీలో మేనేజరు లబలబలాడాడు. "ఏమ్మా, నిద్రపోతున్నావా? ఎత్తు!"

"మా మరిది ఏడి సార్?"

"అతనితో పనేంటి? అవి వాళ్ల సామాన్లు."

"ఏం సామాన్లు?"

మేనేజరు గొంతు తగ్గించాడు. "వాళ్ల చమురు ఓడలన్నీ ఈ దారినే పోతాయమ్మా. ఎవడైనా అడ్డుకుంటే అక్కడ ఫ్యాక్టరీలు ఆగిపోతాయి. కాపలాకి ఇక్కడో సైనిక స్థావరం కావాలట. అప్పు తీర్చలేం కదా, మనవాళ్లు సరేనన్నారు."

వదినకు ఒళ్లు మండిపోయింది. "బజారు పెడతామని చోటు తీసుకుని తుపాకులు దించుతారా? రేపు వాళ్ల శత్రువు బాంబులేస్తే ఎవరి నెత్తిన పడతాయి సార్? మా పిల్లలు పడుకునేది ఈ గోడ పక్కనే!"

"ఉద్యోగం ఊడుతుంది, చూసుకో."

"ఊడనీండి. దమ్ముంటే పైకొచ్చి నన్ను దింపండి!"

చివరికి మరిదినే లాక్కొచ్చి క్రేను కింద నిలబెట్టారు. అప్పుడు పడింది వదిన గుండెల్లో రాయి. అతను చేయెత్తాడా, ఇక ఆమె ఎత్తి తీరాలి. తన మాటే తన మెడకు చుట్టుకుంది. మరిదేమో పిల్లి అరిచినా ఉలిక్కిపడే మనిషి. పెళ్లిఫొటోలో నవ్వడానికి కూడా అన్న వైపు చూశాడని ఆమే ఎన్నోసార్లు ఏడిపించింది.

అధికారి వేలు పైకి చూపించాడు. మరిది పెట్టెను చూశాడు. తలెత్తి వదినను చూశాడు. రెండు చేతులనూ వెనక్కి పెట్టుకుని, వేళ్లు గట్టిగా పెనవేసుకున్నాడు.

"శభాష్ నాయనా!" వదిన అద్దం మీద చరిచి అరిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కింద సైనికుడొకడు అతని భుజం పట్టుకుని ఊపాడు. చేతులు మాత్రం ముందుకు రాలేదు.