సతుర్నీనా ఏరి తెచ్చిన పోతు

ఆ ఏడు వానల్లో పుట్టిన మొదటి పిల్లకు రెండు కళ్లూ నీలంగా ఉన్నాయి. తల్లి మూలిగి పిలిస్తే అది తల తిప్పలేదు. సతుర్నీనా దాని వెనక చేరి చప్పట్లు కొట్టింది. రాయి తీసుకుని రాతి మీద కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉన్ని కోసం పెంచే ఈ పొడుగుమెడ అల్పకాల్లో, తెల్లవాటికి అప్పుడప్పుడు ఇలా చెవిటిది పడుతుంది. కరబాయా కొండల్లో దానికెవరూ బెంగపెట్టుకోరు. రెండోది పుట్టడమే మూతివంకరతో పుట్టింది. పైదవడ ఒకదారి, కిందిదవడ ఒకదారి. మూడోది చూపుకు ముచ్చటగానే ఉంది గాని, చన్ను నోటపట్టగానే ఊపిరాడక గిలగిల్లాడిపోయింది. సతుర్నీనా ఉన్నిపోచ ఒకటి తెంపి దాని ముక్కు దగ్గర పెట్టింది. పోచ కదల్లేదు. ముక్కు లోపల దారే లేదు. మధ్యాహ్నం వడగళ్లు పడేవేళకు అది ఆమె ఒళ్లోనే పోయింది.

తమ్ముడు ఇలారియో వచ్చి, తడిసిపోతున్నావు, లోపలికి రమ్మన్నాడు. ఆమె లేవలేదు.

"మన మందలోనా?" అంది.

మన మంద అంటే ఆ చుట్టుపక్కల అల్లాటప్పా మంద కాదు. వాళ్ల నాన్న మెల్కియాదెస్ దగ్గర ఫుయు అనే పోతు ఉండేది. ఫుయు అంటే మబ్బు. పేరుకు తగ్గట్టే తెల్లగా, మెత్తగా ఉండేది. తిరనాళ్ల సంతలో ఏటేటా మొదటి బహుమతి దానిదే. కనుమలు దాటి మరీ జనం తమ ఆడవాటిని దాని దగ్గరికి తోలుకొచ్చేవాళ్లు. దాని కొడుకులు ఏయే లోయలకు వెళ్లాయో లెక్కే లేదు. మిల్లువాళ్లకు తెల్ల ఉన్ని కావాలి, ఏ రంగు అద్దినా పడుతుందని. అందుకని మెల్కియాదెస్ గోధుమరంగువీ నల్లవీ బూడిదరంగువీ ఏరి ఏరి తీసేశాడు. కొన్ని కుండలోకి వెళ్లాయి, కొన్నిటికి విత్తులు కొట్టించాడు. సతుర్నీనాకు బుద్ధి తెలిసేసరికి దొడ్డంతా తెల్లగా ఉండేది.

పెళ్లయిన కొన్నాళ్లకే భర్త బంగారు గనిలో పోతే ఆమె పుట్టింటి మందకే తిరిగొచ్చింది. ఇక ఆ మందే ఆమె కాపురం. కళ్లు మూసుకుని అల్పకా డొక్క మీద చెయ్యి పెడితే చాలు, ఉన్ని ఎంత సన్నమో చెప్పేసేది. ఏ పిల్లను ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో ఆ చేతిదే తీర్పు. కింద వాగు పక్కన ఫెర్మీనా అనే ఆవిడ రకరకాల రంగులవి కలిపి పెంచుతుంటే, "అది మందా, అతుకుల బొంతా?" అని మొదట అన్నది సతుర్నీనాయే. ఆ మాట ఊళ్లో బాగా పట్టుకుంది.

మూడు పిల్లలు అలా అయ్యాక ఇలారియో, ఆగస్టులో భూమితల్లికి పెట్టిన ముడుపులో కోకా ఆకులు నాసివి పెట్టామన్నాడు. మందులు వెయ్యడానికి వచ్చే పశువుల డాక్టరమ్మ మాత్రం, దగ్గర రక్తంలో దగ్గర రక్తం దాటించడం వల్లే ఇలా అవుతోందనీ, దూరం నుంచి కొత్త పోతును తెచ్చుకొమ్మనీ చెప్పింది. అదీ నిజమే అనిపించింది సతుర్నీనాకు. పోతుకు బదులివ్వడానికి మంచి ఆడవాటిని మూడింటిని తోలుకుని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని, రెండు కనుమలు దాటి నికాసియో అనే ముసలాయన దొడ్డికి వెళ్లింది. అక్కడ తెల్లపోతులు గుంపుగా ఉన్నాయి. ఆమె కళ్లు మూసుకుని ఒక్కోదాని డొక్క తడిమింది. ఇది గరుకు, అది పలచన, అనుకుంటూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

"నీ చెయ్యి మంచిదమ్మాయీ," అన్నాడు నికాసియో నవ్వి.

ఆ పోతుకు దాటించిన మంద మరుసటి వానలకు ఈనడం మొదలైంది. మొదటిది మూతివంకర. రెండోదీ అంతే. ఆ తర్వాత ముక్కు మూసుకుపోయినవి. ఒకటి కాళ్లు మెలిబడి పుట్టి, లేవాలని చూసి చూసి మంచులో పడిపోయింది. సతుర్నీనా ఏడవలేదు. పొయ్యి మీద గంజి మాడిపోతున్నా చూస్తూ కూర్చుంది. ఈతలు అయ్యాక ఒక్కతే బయల్దేరి నికాసియో ఇంటికి వెళ్లింది.

ముసలాయన కూర్చోబెట్టి వేడివేడి పులుసు పోశాడు. ఆమె ముట్టలేదు.

"రోగపు పోతును అంటగట్టావు తాతా."

"నేనా అంటగట్టింది?" నికాసియో నిజంగానే తెల్లబోయాడు. "అది మీదేగా. మీ ఫుయు కొడుకును మీ నాన్నే నాకిచ్చాడు. దాని కొడుకునే నువ్వు తోలుకుపోయావు. ఇంటి రక్తం ఇంటికి తెచ్చుకుంటున్నావు కాబోలు, తెలిసే ఏరుకున్నావు అనుకున్నా."

"మిగతావి?"

"కొన్ని వేరేవాళ్లవి. అయినా ఈ కొండల్లో ఏ తెల్లపోతు పుట్టుక అడిగినా చివరికి మీ దొడ్డిలోనే తేలుతుంది తల్లీ."

ఆమె లేచి దొడ్డిలోకి వెళ్లింది. కళ్లు మూసుకుని మళ్లీ తడిమింది. ఒక దగ్గర చెయ్యి ఆగింది. కళ్లు తెరిచి, ఇదెవరిదని అడిగింది. అది నువ్వు తీసుకెళ్లినదాని తమ్ముడే అన్నాడు నికాసియో. మళ్లీ మూసుకుంది. ఈసారి కావాలనే దూరంగా, మూల నిలబడ్డవాటి దగ్గరికి నడిచింది. చెయ్యి ఆగిన చోట, అదీ ఫుయు మనవడే. అప్పుడు సతుర్నీనాకు గుర్తొచ్చింది. పసితనంలో చలికి ఫుయు డొక్కకు ఆనుకుని నిద్రపోయేది. ఆ మెత్తదనాన్నే ఇన్నేళ్లుగా ఈ చెయ్యి మంచి ఉన్ని అంటోంది. ఇంత గుంపులో, ఏది వద్దో దాన్నే వెతికి వెతికి పట్టుకుంది. ఆమె తన అరచెయ్యి వంక పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

తిరుగుదారిలో ఎవరు పలకరించారో, ఏం బదులిచ్చిందో ఆమెకు గుర్తులేదు. ఇంటికి పోకుండా నేరుగా వాగు పక్కకు వెళ్లి, ఫెర్మీనా గుమ్మం ముందు నిలబడి, ఒక పోతు కావాలంది.

"అతుకుల బొంతలో నీకేం నచ్చుతుందే?" అంది ఫెర్మీనా. అని, ఆమె మొహం చూసి ఊరుకుంది. దొడ్డి తలుపు తీస్తుంటే సతుర్నీనా అలవాటుగా ముందుకు చెయ్యి చాపింది.

"ఆ చేతులు శాలువాలో పెట్టుకో. నేను చూపిస్తా," అంది ఫెర్మీనా.

ఆవిడ చూపించింది గోధుమరంగు పోతు. ఉన్ని ఓ మోస్తరుదే. గడ్డు చలికాలాలకు మంద సగం పడిపోయినప్పుడు కూడా నిలబడిందట. దాని పిల్లల్లో పాలు తాగలేనిది ఒక్కటీ పుట్టలేదట. సతుర్నీనా శాలువాలో పిడికిళ్లు బిగించుకుని విన్నది. ముట్టుకోకుండానే తోలుకొచ్చింది.

ఇలారియో మండిపడ్డాడు. నాన్న బతుకంతా పెట్టి తెల్లగా చేసిన మందను మళ్లీ మురికి చేస్తావా, ఈ రంగు ఉన్ని ఎవడు కొంటాడు అని అడిగాడు. అతను తన వాటా విడదీసుకుని, నికాసియో దగ్గర తెచ్చిన పోతుతో సహా అవతలి గట్టుకు వెళ్లిపోయాడు. ఆ ఏడు సంతలో ఉన్ని చూడటానికి రమ్మని పెద్దలు కబురు పెడితే, తన చెయ్యి బాగాలేదని చెప్పి పంపింది. నిజంగా చేతికి ఏదో అయిందనుకున్నారు జనం.

వానలు వచ్చాయి. పొద్దున్నే ఒక గోధుమరంగు పిల్ల పడింది. తడబడి లేచి, తల్లి పొట్ట కింద తల దూర్చి తాగింది. తర్వాత ఒక తెల్లది, మళ్లీ గోధుమరంగువి. అన్నీ తాగాయి. పరిగెత్తాయి. సతుర్నీనా సంతోషపడాలి. కానీ ప్రతిదాని మూతీ రెండుచేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది, నమ్మకం కుదరక. ఉన్ని కొనేవాడు వచ్చి రంగు పిల్లల్ని చూసి పెదవి విరిచి వెళ్లాడు.

ఈతల చివర్లో, మంచులా తెల్లగా ఉండే ముసలి ఆడదానికి బూడిదరంగు పిల్ల పుట్టింది. ఫెర్మీనా మందలో ఆ రంగే లేదు. అలాంటిది మెల్కియాదెస్ ఏరి తీసేసిన రోజుల తర్వాత ఆ గట్టు మీద ఎవరూ చూడలేదు. సతుర్నీనా పరుగున వెళ్లి ఫెర్మీనాను పిలుచుకొచ్చింది.

ఫెర్మీనా వంగి పిల్లను చూసింది, తల్లిని చూసింది.

"తెలుపు కింద దాక్కుని ఉంటుందిలే ఇన్నాళ్లూ," అంది. "మీ నాన్న పాపం, మొత్తం తీసేశాననుకున్నాడు."

సతుర్నీనా తడిగడ్డి మీద చతికిలబడింది. పిల్ల వచ్చి ఆమె శాలువా అంచు చప్పరించి, పాలు రాక, తల్లి దగ్గరికి పోయింది.